రపటా దగ్గర పలికినవాడు

ఆ శనివారం పొద్దున ఆరోగ్య కేంద్రం వరండా అంతా నవ్వులే.

నవ్వులకు కారణం ఒక రబ్బరు బొమ్మ. నడుము దాకానే ఉంటుంది. కాళ్ళు లేవు, చేతులు లేవు, నోరు మాత్రం కాస్త తెరుచుకుని ఉంటుంది. గుండె ఆగిపోయిన మనిషిని ఎలా నిలబెట్టుకోవాలో నేర్పడానికి నర్సు శిరీష దాన్ని పెద్దాస్పత్రిలో అడిగి తెచ్చింది. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన మితానిన్లు, అంటే ఊరూరా తిరిగి మందులిచ్చే ఆరోగ్య కార్యకర్తలు, దాని చుట్టూ చేరి వదలకుండా వెక్కిరిస్తున్నారు.

"దీదీ, దీనికి కాళ్ళేవి?" అని ఒకామె అడిగింది.

"మహువా పూలు ఏరడానికి పొమ్మంటరని ఇంట్ల దాచిపెట్టి వచ్చింది," అంది ఇంకొకామె. మళ్ళీ నవ్వులు.

శిరీష కూడా నవ్వింది. ఆమెది కొంటా. వారమంతా ఈ కేంద్రం వెనక గదిలోనే ఉంటుంది. శనివారం సాయంత్రం మొగుడు దుర్గేశ్ బండి మీద వచ్చి ఇంటికి తీసుకుపోతాడు. దుర్గేశ్ ఆమెకి మేనత్త కొడుకు. గౌను వేసుకునే వయసు నుంచి బావా అని పిలిచిన నోరు, పెళ్ళయ్యాక కూడా ఇంకో పిలుపు నేర్చుకోలేదు. అతనికి హైవే మీద లారీ టైర్ల దుకాణం ఉంది. చేతులకు ఎప్పుడూ రబ్బరు వాసన, మాటకు ముందు ఎప్పుడూ ఒక నవ్వు. ఆ మనిషంటే శిరీషకు ప్రాణం, ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా దాచుకోదు.

కేంద్రం ఒక మిట్ట మీద ఉంది. ఎవరూ అడగని నేల అదొక్కటే కాబట్టి సర్కారు అక్కడే కట్టింది. ఎందుకు అడగలేదో మొదటి వానకాలంలోనే తెలిసింది. ముందువైపు వాగు. వాగు మీద రపటా, అంటే వానొస్తే నీళ్ళు పైనుంచే పారిపోయేలా వేసిన పొట్టి సిమెంటు దారి. వెనకవైపు అదే వాగుకు ఒక పాయ. గట్టి వాన పడితే రెండూ నిండి, మిట్ట ఒక్కటే మధ్యలో మిగులుతుంది. ఆ నీళ్ళన్నీ అడవిలో తిరిగి తిరిగి చివరికి కొంటా దగ్గర శబరి నదిలో కలుస్తాయి.

"నవ్వింది చాలు, ఇటు చూడండి," అని శిరీష మోకాళ్ళ మీద కూర్చుంది. "ముందు మనం ఉన్న చోటు భద్రమేనా చూసుకోవాలి. తర్వాత మనిషి భుజాలు తట్టి గట్టిగా పిలవాలి. పలకలేదు, ఊపిరి లేదు అంటే, ఎవరినన్నా అంబులెన్స్‌కి ఫోన్ చేయమని చెప్పి మనం మొదలుపెట్టాలి. ఛాతీ మధ్యల అరచెయ్యి ఆనించి, దాని మీద రెండో చెయ్యి. మోచేతులు వంగొద్దు. గట్టిగా, తొందర తొందరగా. ముప్పై సార్లు నొక్కుడు, రెండు సార్లు నోటితో ఊపిరి. నీళ్ళల్ల మునిగిన మనిషికైతే ముందు ఊపిరి, ఆ తర్వాతే నొక్కుడు."

"పిల్లలకు దీదీ?"

"చిన్న పిల్లలకు ఒక చెయ్యి చాలు. చంటిబిడ్డకు రెండు వేళ్ళే. బిడ్డ ముక్కూ నోరూ కలిపి మన నోటితో మూసి, బుగ్గల్ల పట్టినంత గాలే ఊదాలి. ఎక్కువ ఊదితే లోపల చెడుతది."

"నొక్కుతుంటే ఎముక విరిగితే?"

"విరగనీ. టక్కుమని చప్పుడు గూడా వస్తది. భయపడి ఆపొద్దు. ఎముకని డాక్టర్లు అతుకుతరు. మొదలుపెట్టినంక మనిషి కదిలేదాక, లేకుంటే సాయం వచ్చేదాక, లేకుంటే మన చేతులు పడిపోయేదాక ఆపొద్దు. ఇద్దరుంటే ఒకళ్ళు నొక్కాలి, ఒకళ్ళు ఊపిరి పొయ్యాలి. అలిసిపోకముందే వంతు మారాలి."

ఒక్కొక్కరే బొమ్మ దగ్గరికి వచ్చారు. కొందరు నెమ్మదిగా నొక్కారు, కొందరు నవ్వు ఆపుకోలేక మధ్యలోనే లేచారు. మంగి వంతు వచ్చినప్పుడు మాత్రం శిరీషకు సంతోషం వేసింది. మంగి నడివయసు మనిషి, పాయ అవతలి గూడెం. రోకలి పోట్లు వేసి వేసి గట్టిపడ్డ చేతులు. చూసిన పని చూసినట్టు చేసింది. భుజాలు తట్టింది, నొక్కింది, తల వెనక్కి వంచి ఊపిరి పోసింది. ఒక్కటే తక్కువ, నోరు తెరిచి పిలవలేదు.

"పిలువు మంగక్కా."

మంగి తల అడ్డంగా ఊపింది. "నొక్కుత. ఊపిరి పోస్త. పిలవ."

అప్పటిదాకా నవ్విన ఆడవాళ్ళు ఎవరి చూపు వాళ్ళు నేల మీదికి దించుకున్నారు. శిరీష ఇంకోసారి అడగలేదు.

మధ్యాహ్నానికి ఆకాశం నల్లబడింది. అన్నాలు తినీ తినకముందే మితానిన్లు పిల్లాజెల్లా గుర్తొచ్చి పరుగులు తీశారు. మంగి చాపలు చుట్టడానికి ఆగింది. ఆ కాసేపట్లోనే వాన ముంచెత్తింది, వెనక పాయ నిండిపోయింది. ఇక నీళ్ళు తీసేదాకా ఆమె కూడా మిట్ట మీదే.

కరెంటు పోయింది. పెంకుల మీద వాన మోతకి పక్కమనిషి మాట వినాలన్నా చెవి దగ్గర పెట్టాల్సిందే. ఇద్దరూ తలుపు దగ్గర కూర్చుని వాగుకేసి చూస్తున్నారు. రపటా అప్పటికే కనబడటం లేదు. దాని రెండు చివర్లా పాతిన రాళ్ళు మాత్రం నీళ్ళలోంచి తలలు ఎత్తి ఉన్నాయి.

"బొమ్మను పిలిస్తే ఏమైతది మంగక్కా?" శిరీష ఆమె చెవి దగ్గరికి ఒంగి అడిగింది.

మంగి నీళ్ళకేసి చూస్తూనే చెప్పింది.

"మా వాగు ఒడ్డున ఒక పద్ధతి ఉంది దీదీ. నీళ్ళల్లకెల్లి తీసిన మనిషిని గడప లోపలికి తెచ్చి, పొయ్యి కాడ ఆరబెట్టినంకనే పిలుస్తం. తడి మీద పిలవం. పిలిస్తే, వాగుల ఉన్నోళ్ళల్ల ఎవరు దగ్గరుంటే వాళ్ళు పలుకుతరు. పలికినోళ్ళు లోపలికొస్తరు."

"అట్లనా..."

"పోయిన వానల్ల నా కొడుకు దేవా ఈ రపటా మీదనే పోయిండు. దొరకలే. ఒడ్డున నిలబడి పిలవబోయిన. ఇంటోళ్ళు నా నోరు మూసిన్రు. ఇప్పటిదాక వాని పేరు నా నోట్లెనే ఉంది."

శిరీషకు ఆ పద్ధతి మీద నమ్మకం లేదు. అయినా ఆ తల్లి బాధ బాధే. మంగి చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది.

అప్పుడు అవతలి ఒడ్డున బండి లైటు మిణుకుమంది.

దుర్గేశ్‌కు ఒక అలవాటు. రపటా ఎక్కేముందు రెండుసార్లు హారన్ కొడతాడు, భార్య గదికి తాళం వేసుకుని బయటికి రావడానికి. శిరీష గబుక్కున లేచి వరండాలోకి పరుగెత్తింది. రావొద్దని రెండు చేతులూ ఊపింది. వాన తెరలో ఆమె ఎవరికి కనబడుతుంది? హారన్ ఒకసారి మోగింది. రెండోది మోగడం మొదలుపెట్టి ఆగలేదు. సాగుతూ సాగుతూ పోయి, బుడబుడమని నీళ్ళలో కలిసిపోయింది.

శిరీష మెట్లు దిగి పరుగెత్తింది, వెనకే మంగి.

మిట్ట కింద వెదురు పొద ఒకటి నీళ్ళలోకి వంగి ఉంటుంది. అతను దానికి చిక్కుకున్నాడు, అదే అదృష్టమో ఏమో. ఇద్దరాడవాళ్ళూ ఒకరి కొంగు ఒకరు పట్టుకుని నడుము లోతు దిగి, చొక్కా దొరకబుచ్చుకుని లాగారు. అవతలి ఒడ్డున ట్రాక్టరు నడిపే మంగల్ నిలబడి అరుస్తున్నాడు. శిరీష చెవి దగ్గర చెయ్యి పెట్టి ఫోన్ అని సైగ చేసింది. అతను సిగ్నల్ దొరికే గుట్టకేసి పరుగెత్తాడు.

మెట్ల మీద పడుకోబెట్టారు. మొహం బూడిదరంగు. పెదవులు నల్లగా. వందమందికి నేర్పిన నర్సే, తన మొగుణ్ణి అలా చూసేసరికి బుర్ర పనిచేయలేదు. అలవాటు మాత్రం పనిచేసింది. చేతులు వాటంతట అవే భుజాలు తట్టాయి. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"బావా! బావా! వినిపిస్తుందా?"

మంగి తడి చెయ్యి ఆమె నోటి మీద పడింది.

"పిలవకు..."

అప్పటికే ఆలస్యమైంది.

"ఊఁ..."

పలికింది. అతని పెదవులు కదల్లేదు. అయినా పలికింది, చాలా దగ్గర్లో, తడిగా. శిరీషకు ప్రాణం లేచొచ్చింది. ఒంగి అతని ముక్కు దగ్గర చెంప పెట్టింది. ఊపిరి లేదు. మెడ మీద వేళ్ళు పెట్టింది. నాడి లేదు.

మరి పలికిందెవరు?

ఆలోచించే వ్యవధి లేదు. నీళ్ళు మెట్టు మెట్టూ ఎక్కుతున్నాయి. చంకల కింద చేతులు వేసి గదిలోకి ఈడ్చారు. జల్లు కొట్టకుండా మంగి తలుపు గడియ పెట్టింది. చీకటి గది, ఒక్క కిటికీలోంచి బూడిద వెలుతురు. బురద వాసన, కుళ్ళిన ఆకుల వాసన, వాటి మధ్య ఎక్కడో సన్నగా పెట్రోలు వాసన. గోడ పక్కన దుప్పటి కప్పిన బొమ్మ.

శిరీష తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లోకి ఊపిరి ఊదింది. ఛాతీ లేచింది. తర్వాత అరచేతులు ఆనించి నొక్కడం మొదలుపెట్టింది.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు..."

టక్.

చేతి కింద ఎముక విరిగింది. తానే చెప్పింది కదా, ఆపొద్దని. ఏడుస్తూనే నొక్కింది. ముప్పై. మంగి ఒంగి రెండు ఊపిర్లు పోసింది. మళ్ళీ ఒకటి, రెండు. అంబులెన్స్ వచ్చినా వాగు దాటాలి. వాగు తీయాలి. అప్పటిదాకా ఈ గుండెను చేత్తో నడపాలి. నడిపితే బావ ఉంటాడు, ఆపితే లేడు. లెక్క అంత సులువు.

ఎన్ని ముప్పైలు అయ్యాయో తెలియదు. అతని కళ్ళు తెరుచుకున్నాయి.

"బావా!" శిరీష చేతులు తీసేసి అతని మొహం పట్టుకుంది. "బావా, నేను..."

చూపు ఆరిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, వాటి వెనక ఎవరూ లేరు. నాడి లేదు.

మళ్ళీ నొక్కింది. చూపు మళ్ళీ వచ్చింది. రెప్పలు ఆడాయి.

ఎప్పుడో శిక్షణలో పెద్ద డాక్టరు చెప్పిన మాట గుర్తొచ్చింది. నూటికో కోటికో ఇలా జరుగుతుందట. చేత్తో నడిపే గుండె మెదడుకు సరిపడా రక్తం పంపితే, మనిషి చచ్చిపోయి కూడా మేలుకుంటాడు. చెయ్యి తీస్తే మళ్ళీ పోతాడు. అలాంటి మనిషి కళ్ళలోకి చూస్తూ ఆపడం ఎవరి తరమూ కాదని అప్పుడాయన అన్నాడు.

ఇక ఆమె చేతులు ఆ ఛాతీకి అతుక్కుపోయినట్టే. లేవడానికి లేదు. తలుపు తీసి చూడటానికి లేదు. కన్నీళ్ళు తుడుచుకోవడానికి కూడా లేదు.

భుజాలు మండుతున్నాయి. "మంగక్కా, వంతు," అంది రొప్పుతూ.

మంగి ఇటు వచ్చింది. శిరీష తల దగ్గరికి మారింది. మంగి చేతులు పడగానే అతని మొహానికి రంగు తిరిగింది. రోకలి పట్టిన చేతులు కదా, దెబ్బ లోపలిదాకా దిగుతోంది. శిరీషకు ఆశ పుట్టింది. అంతలో అతని కళ్ళు మెల్లగా తిరిగాయి. తన మీద నుంచి జారి, మంగి మొహం మీద ఆగాయి. అక్కడే ఉండిపోయాయి.

ముప్పై.

శిరీష ఒంగి ఊపిరి ఊదింది. అతనికి సొంత ఊపిరి లేదు. ఆమె పోసిన గాలే ఛాతీ నిండి, మళ్ళీ బయటికి వచ్చింది. వస్తూ వస్తూ ఒక మాట తెచ్చింది.

"యా...యో..."

గోండు పల్లెల్లో అమ్మను అలా పిలుస్తారు. దుర్గేశ్ అమ్మను అమ్మా అని తప్ప పుట్టి బుద్ధెరిగాక ఇంకోలా పిలవలేదు.

శిరీష చటుక్కున మొహం ఎత్తింది. తన ఊపిరితోనే ఎవరో మాట్లాడారు...

మంగి చేతులు ఒక్క నొక్కు తప్పలేదు. కళ్ళ నుంచి మాత్రం ధార కట్టింది. గోండు మాటల్లో ఏదో గొణుగుతోంది. జోలపాట లాగా ఉంది. ముప్పై కాగానే శిరీషకేసి చూసి, "ఊపిరి పొయ్యి దీదీ," అంది గుసగుసగా. "తొందరగ. వాడు ఇంకా ఏమో చెప్తడు."

"మంగక్కా... వంతు మారుదాం."

"ఇంకొంచెం."

"మంగక్కా, లే!"

మంగి లేవలేదు. శిరీష ఆమెను భుజంతో పక్కకు తోసి తన చేతులు పెట్టింది. అతని కళ్ళు మంగిని వెతికాయి. కనబడేసరికి ఆమె మీదే నిలిచాయి. శిరీష నొక్కిన ప్రతిసారీ నోటి పక్క నుంచి నీళ్ళు కారాయి. ఎర్రగా, ఆకు ముక్కలతో... ఒక మనిషి కడుపులో పట్టేన్ని నీళ్ళు కావవి. కారుతూనే ఉన్నాయి. చాప తడిసి, నేల తడిసి, దుప్పటి కింద బొమ్మ దాకా పోయాయి.

"బావా, ఇటు చూడు. నన్ను చూడు బావా."

అతను చూడలేదు.

అప్పుడు బయట నుంచి వినిపించింది.

"శిరీ..."

వాగు వైపు నుంచి. దుర్గేశ్ గొంతు.

శిరీష చేతులు ఆగబోయి, ఆగలేక, నొక్కుతూనే ఉన్నాయి. ఆమె మొగుడు ఆమె చేతుల కింద ఉన్నాడు. ఆమె మొగుడు బయట పిలుస్తున్నాడు.

"శిరీ... తలుపు తియ్యే... చలేస్తంది..."

మాటకు ముందు ఎప్పుడూ ఉండే ఆ చిన్న నవ్వు కూడా ఉంది. వణుకుతూ ఉంది. గొంతు మెట్ల దాకా వచ్చింది. తలుపు కింది సందులోంచి నీళ్ళు లోపలికి పాకాయి. తలుపు మీద తడి చెయ్యి రాసిన చప్పుడు. పైనుంచి కిందికి... మళ్ళీ పైనుంచి కిందికి...

"మంగక్కా," అంది శిరీష నొక్కుతూనే. "తలుపు తియ్యి. మా బావ... బయట ఉన్నడు."

మంగి తలుపుకేసి చూడనైనా లేదు. "తీస్తే ఇద్దరూ పోతరు," అంది. "లోపల ఉన్నోని చెయ్యి విడిస్తవా?"

అది నిజమో అబద్ధమో తెలుసుకునే దారి లేదు. లేచి తలుపు తీస్తే ఈ గుండె ఆగుతుంది. ఆగితే బావ ఒళ్ళు చచ్చిపోతుంది. ఒళ్ళు చచ్చిపోయాక తలుపు తీసి లోపలికి రమ్మంటే ఎక్కడికి వస్తాడు? మంగి చేతులకు వదిలి తాను వెళ్తే... మంగి వంతులో గుండె తనంతట కొట్టుకోవడం అందుకుంటే... అప్పుడు లోపల ఉండేదెవరు?

నొక్కింది. పళ్ళు బిగించి నొక్కింది. మోచేతులు వంగిపోతున్నాయి. నొక్కు లోతు దిగడం లేదు. ఆ సంగతి ఆమెకే అందరికన్నా బాగా తెలుసు. అతని మొహం మళ్ళీ బూడిదరంగుకు తిరుగుతోంది. చూపు మసకేస్తోంది.

"శిరీ..." బయట గొంతు సన్నబడింది. "నేనే గదే..."

"బావా! ఉండు! పోకు బావా!"

"దీదీ, నీ చేతులు పడిపోయినయ్," అంది మంగి. ఆ మాటలో కోపం లేదు. కడుపుతో ఉన్న మనిషికి బరువు మోయొద్దని చెప్పినంత నెమ్మదిగా అంది. "జరుగు. చచ్చిపోతడు."

ఎవరు చచ్చిపోతారో మంగి చెప్పలేదు.

శిరీష ఏడ్చుకుంటూ పక్కకు జరిగింది. ఇంకేం చేయగలదు? మంగి చేతులు పడ్డాయి. దిట్టంగా, లోతుగా. శిరీష తలుపు వైపు పాకబోయింది. ముప్పై అయింది. "ఊపిరి!" అని మంగి అరిచింది. శిరీష వెనక్కి తిరిగి ఊదింది. మళ్ళీ తలుపు వైపు. మళ్ళీ ముప్పై. మళ్ళీ వెనక్కి. కట్టేసిన గొడ్డులా ఆ చాప చుట్టూనే తిరిగింది. గడియ అందలేదు.

బయట గొంతు మెట్లు దిగింది. కొంచెం దూరం నుంచి ఒకసారి వినిపించింది. తర్వాత వాన చప్పుడే.

తర్వాత మనుషుల కేకలు వినిపించాయి. మంగల్, అంబులెన్స్ కుర్రవాళ్ళు, ఇంకా ఎవరో, నడుములకు తాళ్ళు కట్టుకుని వచ్చి తలుపు బాదారు. వాన తగ్గిందని, వాగు తీస్తోందని శిరీషకు అప్పుడు తెలిసింది. గడియ తీసింది. బయట ఇంకా కాస్త వెలుతురు మిగిలే ఉంది. మెట్ల మీద బురద తప్ప ఏమీ లేదు.

అంబులెన్స్ కుర్రాడు మోకాళ్ళ మీద కూలబడి మెడ దగ్గర వేళ్ళు పెట్టాడు. "ఆపు అమ్మా, ఆపు," అన్నాడు మంగితో. కాసేపు చూశాడు. మొహం వెలిగింది. "నాడి దొరికింది! ఊపిరి తీస్తున్నడు!"

గుండె అందుకుంది. మంగి వంతులో.

స్ట్రెచర్ ఎత్తుతుంటే మంగి శిరీష పక్కకు వచ్చి నిలబడింది.

"నేను పిలవలే దీదీ," అంది మెల్లగా. "నువ్వే పిలిచినవు."

*

అందరూ శిరీషను మెచ్చుకున్నారు. అంతసేపు గుండె ఆగిన మనిషి బతికి బయటపడటం తామెన్నడూ చూడలేదని డాక్టర్లు అన్నారు. కొంటాలో ఇంటి ముందు జనం కట్టారు. అత్త వెంకమ్మ కోడలి చేతులు కళ్ళకద్దుకుని, "నా కొడుకును నువ్వే మళ్ళ కన్నవు తల్లీ," అని భోరుమంది. శిరీష చేతులు వెనక్కి తీసుకుంది.

పక్కటెముకలు అతుక్కున్నాయి. అతను లేచి తిరుగుతున్నాడు. కొంచెం మాట తగ్గింది, కొంచెం మతిమరుపు. నీళ్ళలో మునిగి మెదడుకు గాలి అందనివాళ్ళకి అలాగే ఉంటుంది, మెల్లగా తగ్గుతుంది అన్నారు. టైర్ల దుకాణానికి తీసుకుపోతే రెంచి చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి కింద పెట్టాడు. మంచం మీద పడుకోడు, పొయ్యి పక్కన నేల మీద ముడుచుకుంటాడు. పొద్దున లేచేసరికి దిండు తడిసి ఉంటుంది. చెమట అంటుంది వెంకమ్మ. చెమటకు ఆకుల వాసన ఎందుకుంటుందని శిరీష అడగలేదు.

బావా అంటే పలకడు. చెవిలో నీళ్ళు చేరాయేమో అంటాడు డాక్టరు. అలాగే అయి ఉండాలని శిరీష దేవుళ్ళందరికీ మొక్కుకుంది. రాత్రులు అతని గుండె మీద చెవి పెట్టి వింటుంది. కొట్టుకుంటుంది. తాను నిలబెట్టిన గుండే. అది వింటూ ఉంటే ఒక్కోసారి నిజంగా తన బావేనని అనిపిస్తుంది.

వానలు తగ్గుముఖం పట్టాయి. సంత రోజు. ఎండ ఫెళ్ళున కాస్తోంది. అతను నడవలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. శిరీష వాకిట్లో బియ్యం చెరుగుతోంది. మొహం ఎత్తేసరికి వీధి అవతల, చింతపండు బుట్ట నెత్తిన పెట్టుకుని, మంగి నిలబడి ఉంది.

దగ్గరికి రాలేదు. పలకరించలేదు. పెదవులు గట్టిగా మూసుకునే ఉంది. ఊరికే ఇంటికేసి చూస్తోంది.

లోపల నుంచి వినిపించింది. ఎవరో పిలిస్తే పలికినట్టు.

"ఆఁ... వస్తున్న యాయో."

అతను లేచి వచ్చాడు. శిరీష పక్క నుంచే, చేట తగిలేంత దగ్గరగా, నడిచి పోయాడు. ఆమె చేతిలోంచి చేట జారి బియ్యం వాకిలంతా పడ్డాయి.

"బావా!"

అతను వెనక్కి తిరగలేదు. వీధి దాటుతున్నాడు.

"బావా!" ఈసారి గొంతు చించుకుని పిలిచింది.

"ఊఁ..."

పలికింది. చాలా దగ్గర్లో, తడిగా. అతని వైపు నుంచి కాదు. ఆమె వెనక నుంచి, ఇంటి పెరడు అవతల శబరి పారే వైపు నుంచి.